ప్రయోగశాల తాళం తీయించండి: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖాధికారి గారికి నమస్కారం.

మా ఊరి ఉన్నత పాఠశాల ప్రయోగశాల తెరిపించమని పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఏ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల విధిగా చెప్పింది. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని స్థాపించిన శాస్త్రవేత్త పుష్ప భార్గవ గారు దాని కోసం జీవితాంతం వాదించారు. లిట్మస్ కాగితం రంగు మారడం కళ్లారా చూడని పిల్లలకు ఆ విధి ఎలా అలవడుతుంది? మార్కులంటారా, అవి బట్టీ పట్టినా వస్తాయి. పాము కరిస్తే ఆసుపత్రికా, మంత్రగాడి దగ్గరికా అన్నది రేపు వాళ్లే తేల్చుకోవాలి. బాణామతి (చేతబడి) చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలంగాణలో చదివాం. ఆ గుంపుల్లో "రుజువేది?" అని అడిగేవాళ్లు ఎందుకు లేకపోయారు? ఓటు వేసేటప్పుడూ అడగాల్సిన ప్రశ్నే అది.

ఈ నెలాఖరులోగా గది తెరిపించి, వారానికి రెండు ప్రాక్టికల్ పీరియడ్లు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇవ్వండి. సిబ్బంది చాలకపోతే నేనే వచ్చి చేయిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ శాస్త్రవేత్త