నీ మస్టాంగ్ సైలెన్సర్ల గురించి

చిరంజీవి సాహితికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అమ్మా, నేనూ క్షేమం. నీ 2007 మస్టాంగ్ జీటీకి వెనకవైపు సైలెన్సర్లు రెండింటినీ షాపుకు వెళ్లకుండా ఇంట్లోనే మార్చుకుంటానని నువ్వు ఫోనులో చెప్పినప్పుడు అమ్మ కంగారుపడింది కాని, నాకు సంతోషం కలిగింది. ఆ కారుకు సొంత చేతులతో చేసుకోదగ్గ పనుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. ఇంజనుకు దగ్గరగా ఉండి పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ల జోలికి గాని, ఆక్సిజన్ సెన్సర్ల జోలికి గాని పోనక్కరలేదు. వెనక ఇరుసు దాటిన తరువాత బంపరు కింద చెరోవైపు వేలాడే రెండు డబ్బాలను విప్పి, వాటి స్థానంలో వేరేవి తగిలించడమే పని. శబ్దం, కంపనం చూసే విభాగంలోనే ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి కనుక, ఫోనులో చెప్పడానికి కుదరని సంగతులను వివరంగా రాస్తున్నాను.

ముందు నీకు అంతగా నచ్చిన ఆ కారు గొంతు సంగతి చెబుతాను, ఎందుకంటే సైలెన్సర్ ఎంపిక దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆ గొంతు పుట్టేది పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే క్రాంక్‌షాఫ్టు దగ్గర. చెరోవైపు నాలుగేసి సిలిండర్లున్న నీ 4.6 లీటర్ల వీ8 ఇంజనులో అవి 1-3-7-2-6-5-4-8 వరసలో మండుతాయి. కుడివైపున ఉండే 1 నుంచి 4 వరకు సిలిండర్లను మాత్రమే తీసుకుని లెక్క వేసి చూడు: ఒక పేలుడుకూ తరువాతి పేలుడుకూ మధ్య క్రాంక్‌షాఫ్టు తిరిగే ఎడం వరసగా 90, 180, 270, 180 డిగ్రీలు వస్తుంది. ఎడమవైపు కూడా అవే ఎడాలు, కాకపోతే మొదలయ్యే చోటు వేరు. ఇంజను మొత్తంగా చూస్తే ప్రతి 90 డిగ్రీలకూ ఒక పేలుడు సమంగానే జరుగుతున్నా, ఒక్కో గొట్టంలోకి దిగే పొగ మాత్రం ఇలా ఎగుడుదిగుడుగా వస్తుంది, దాన్నే మనం గుడగుడగా వింటాం. రెండు వైపుల గొట్టాలను మధ్యలో కలిపే అడ్డగొట్టం ఆ తేడాను కొంత సర్దుతుంది, మిగిలినదాన్ని సైలెన్సర్ సర్దుతుంది.

సైలెన్సర్ ఆ పనిని రెండు పద్ధతుల్లో చేస్తుంది. ఒకదానిలో లోపల అడ్డుగోడలతో గదులు ఉంటాయి. శబ్ద తరంగాలు ఆ గోడలకు తగిలి వెనక్కి మళ్లి, ఎదురుగా వచ్చే తరంగాలను రద్దు చేస్తాయి. బొంగురు శబ్దాలను అణచడానికి ఇది బాగా పనికివస్తుంది. రెండోదానిలో నిండా రంధ్రాలున్న తిన్నని గొట్టం చుట్టూ గాజునారను గాని, ఉక్కునారను గాని కూరతారు. పొగ అడ్డు లేకుండా సాగిపోతుంది, కీచుమనే శబ్దాలు నారలో ఇంకిపోతాయి, లోతైన శబ్దాలు మాత్రం దాదాపుగా అలాగే బయటికి వస్తాయి. నువ్వు కొనాలని చూపించినవి ఈ రెండో రకానివి. వాటి శబ్దం వీధిలో వింటే బాగుంటుంది, అందులో నాకు సందేహం లేదు. కాని నువ్వు వారంలో ఎక్కువ సేపు ఆ కారును నడిపేది హైవే మీద. గంటకు 65 మైళ్ల వేగంతో ఐదో గేరులో వెళుతున్నప్పుడు నీ ఇంజను నిమిషానికి 2,000 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు నాలుగు పేలుళ్ల చొప్పున సెకనుకు 133 పేలుళ్లు. ఆ లోతైన మోత కారు లోపలి గాలిలో ప్రతిధ్వనించి, గంటసేపు ఎడతెగకుండా చెవుల మీద ఒత్తిడి పెట్టినట్టు వినిపిస్తుంది. కొన్నవాళ్లలో చాలామంది కొద్ది నెలల్లోనే పాతవాటికి తిరిగివెళ్లడానికి కారణం ఇదే. అందుచేత గదులున్న రకాన్నిగాని, ఈ మోతను తగ్గించడానికి ఒక కొస మూసిన గొట్టాన్ని పక్కన అమర్చిన రకాన్నిగాని తీసుకో. కొనేముందు అదే మోడల్ కారులో కూర్చుని, 2,000 దగ్గర వేగం నిలిపి విను. ఇంజను బలం పెరుగుతుందని అమ్మేవాళ్లు చెప్పే మాటలను ఈ కొనుగోలులో లెక్కలోకి తీసుకోవద్దు, వెనక డబ్బాలు మార్చినంత మాత్రాన నీకు తెలిసేంత తేడా రాదు.

లోహం సంగతి కూడా చూసుకో. 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కుకు అయస్కాంతం అంటుకోదు, 409 రకానికి అంటుకుంటుంది, దాని పైన కొంతకాలానికి తుప్పు కనిపిస్తుంది. మా మిచిగన్‌లో శీతకాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక ఈ తేడా పెద్దది. మీ శాన్ హోసేలో 409 అయినా చాలా ఏళ్లు నిలుస్తుంది. సైలెన్సరే లేకుండా తిన్నని గొట్టం పెట్టించే ఆలోచన మాత్రం ఎవరు చెప్పినా వినవద్దు. కాలిఫోర్నియా వాహన చట్టం ప్రకారం సైలెన్సర్ ఉండి తీరాలి. 6,000 పౌండ్ల బరువులోపు కార్లకు పొగగొట్టం మొన నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టి కొలిస్తే శబ్దం 95 డెసిబెల్స్ దాటకూడదు. చట్టం అలా ఉంచి, మీ వీధిలో తెల్లవారుజామున డ్యూటీ ముగించుకుని వచ్చి పడుకునే నర్సులు ఉన్నారని నువ్వే చెప్పావు. వాళ్ల నిద్రను కూడా ఈ ఎంపికలో చూడాలని నా కోరిక.

ఇక కారును పైకి లేపడం గురించి రాసేది ఒకటికి రెండుసార్లు చదువు. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి చెయ్యి కూడా పెట్టకూడదు. నీ దగ్గర ర్యాంపులు ఉన్నాయంటున్నావు కనుక వాటినే వాడు. వెనక చక్రాలను రివర్సులో ఎక్కించి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టు. ర్యాంపుల మీద బరువు చక్రాల మీదే ఉంటుంది కనుక ఇరుసు రోడ్డు మీద ఉన్నప్పటి ఎత్తులోనే ఉంటుంది. నీ కారుకు వెనకది ఏకంగా ఉండే ఇరుసు, గొట్టాలు దాని మీదుగా వెళతాయి. ఇరుసు వేలాడుతుండగా అమర్చితే అప్పుడు బాగానే కనిపించినా, గుంటలో పడినప్పుడు ఇరుసు లేచి గొట్టానికి తగిలే ప్రమాదం ఉంది. ఒకవేళ జాకీయే వాడవలసివస్తే, ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా (డిఫరెన్షియల్) కింద ఎత్తి, ఇరుసు గొట్టాల కింద స్టాండ్లు నిలుపు. అప్పుడు వెనక చక్రాలు గాలిలో ఉంటాయి, హ్యాండ్‌బ్రేకు కారును ఆపలేదు, కనుక ముందు చక్రాల దిమ్మలే నీకు ఆధారం. ఎండకు మెత్తబడే తారు మీద గాని, ఏటవాలుగా ఉన్న చోట గాని ఈ పని వద్దు.

ముందురోజు రాత్రే, సైలెన్సర్‌ను గొట్టానికి బిగించి ఉంచే పట్టీల, అంటే క్లాంపుల, నట్ల మీద తుప్పు వదిలించే నూనె చల్లు. ఉదయం ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు, రక్షణ కళ్లద్దాలు పెట్టుకో, పైనుంచి రాలే తుప్పు నేరుగా కంట్లో పడుతుంది. క్లాంపు వదులు చేశాక, సైలెన్సర్ కింద చెక్క దిమ్మ ఆనించి, దాన్ని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లకు సబ్బునీళ్లు రాసి, సైలెన్సర్ కడ్డీలను వాటిలోంచి జరుపు. నూనె రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కొత్తవాటిని ముందు హ్యాంగర్లకు తగిలించి, గొట్టంలోకి చివరిదాకా దూర్చి, క్లాంపులను వేళ్లతో మాత్రమే బిగించి ఆపు. రెండు వైపులా అలా పూర్తయ్యాకనే మొనలను సరిచెయ్యి. ఒక మీటరు 304 ఉక్కు గొట్టం 300 సెల్సియస్ డిగ్రీలు వేడెక్కితే రమారమి 5 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, పైగా నీ బంపరు ప్లాస్టిక్‌ది. అందుచేత మొన చుట్టూ వేలు దూరేంత ఖాళీ వదిలి, ఆ తరువాత క్లాంపులు బిగించు. స్టార్టు చేసేముందు ఆల్కహాలుతో వేలిముద్రలు తుడిచెయ్యి, లేకపోతే అవి వేడికి లోహం మీద మచ్చలుగా మిగిలిపోతాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ మాత్రం వాడవద్దు, వేడి లోహం మీద దాని నుంచి విషవాయువు పుడుతుంది.

మొదటిసారి ఇంజనును గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి, కారును బయటికి తెచ్చాకనే స్టార్టు చెయ్యి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు గాని వాసన గాని ఉండదు. అతుకుల మీద సబ్బునీళ్లు చల్లితే పొగ కారే చోట బుడగలు వస్తాయి. ఒకసారి బాగా వేడెక్కి చల్లారిన తరువాత క్లాంపులను మళ్లీ బిగించి చూడు, మొదటి వేడికి అవి కొద్దిగా వదులవుతాయి. పాత సైలెన్సర్లను పారవేయకుండా గ్యారేజీలో దాచు. కారు అమ్మేటప్పుడు గాని, కొత్తవాటి మోత నచ్చనప్పుడు గాని పనికివస్తాయి.

పని చేసే రోజున ఇంట్లో ఇంకొకరు ఉండేలా చూసుకో. దిమ్మలూ, ర్యాంపులూ అమర్చాక, కిందికి దూరేముందు నాకు ఒక ఫొటో పంపు. మాకు మీకంటే మూడు గంటలు ముందు తెల్లవారుతుంది, కనుక ఎంత పెందలాడే పంపినా చూసి జవాబిస్తాను.

ఇట్లు,
నాన్న