కాంట్రాక్టులో సంతకం ఉంది కదా అన్నావు

గాజువాక, విశాఖపట్నం

అమ్మలూ,

ఫోన్‌లో అయితే నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువు, మీటింగ్‌లో కూర్చుని మాత్రం చదవకు.

మీ కంపెనీ చిన్న సప్లయర్లకి 120 రోజులు దాటితే గానీ డబ్బు ఇవ్వదన్నావు. వాళ్లు ఆ షరతు చదివే సంతకం పెట్టారు, ఎవరూ బలవంతం చెయ్యలేదు, మరి ఇందులో అన్యాయం ఎక్కడుందని మీ మేనేజర్ గారు అడిగారన్నావు. పైగా బళ్లకీ ఆస్పత్రులకీ ఏటా కోట్లు ఖర్చు పెడుతున్నాం కదా అని కూడా అన్నారట. ఎం.ఏ. ఫిలాసఫీ చదివి ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపినవాణ్ణి కదా, రెండు వైపుల నుంచీ చెబుతానని నన్ను అడిగినట్టున్నావు. రాధాకృష్ణన్ గారు వైస్ చాన్సలర్‌గా చేసిన యూనివర్సిటీలో చదివి వెల్డింగ్ రాడ్లు లెక్కపెడుతున్నాడని మీ మావయ్య ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆ చదువు ఇన్నాళ్లకి పనికొచ్చేలా ఉంది.

ముందు ఆ 120 రోజులు షెడ్డులో ఎలా గడుస్తాయో చెబుతాను. అది తెలియకుండా న్యాయం మాట్లాడితే గాల్లో మాట్లాడినట్టే. పది లక్షల బిల్లు వేశామనుకో. ప్లేట్లు, యాంగిల్స్ కొన్న ఐరన్ షాపువాడు నెల తిరక్కుండా డబ్బు అడుగుతాడు. వెల్డర్లకి, హెల్పర్లకి శనివారం బట్వాడా ఆపలేం. 18 శాతం జీఎస్టీ అంటే లక్షా ఎనభై వేలు. మనం కొన్న సరుకు మీద కట్టింది మినహాయించుకుని, మిగతాది వచ్చే నెల 20 లోపు కట్టెయ్యాలి. కొన్నవాడు మనకి రూపాయి ఇవ్వకపోయినా సరే. ఇవన్నీ బ్యాంకు సీసీ లోంచే, అంటే రోజువారీ ఖర్చులకి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పులోంచే వెళ్తాయి. 12 శాతం వడ్డీ వేసుకున్నా పది లక్షల మీద 120 రోజులకి దగ్గర దగ్గర నలభై వేలు. జాబ్‌వర్క్‌లో మిగిలేది ఎనిమిది శాతం అనుకుంటే అందులో సగం అక్కడే పోయింది. అంటే ఆ నాలుగు నెలలూ మీ కంపెనీకి అప్పిస్తున్నది బ్యాంకు కాదు, షెడ్డువాడు. తను బ్యాంకు దగ్గర ఎక్కువ వడ్డీకి తెచ్చి, తనకంటే తక్కువ వడ్డీకి అప్పు పుట్టే పెద్ద కంపెనీకి వడ్డీ లేకుండా ఇస్తున్నాడు. ఈ లెక్క కాగితం మీద వేసి మీ మేనేజర్ గారి ముందు పెట్టు. నీతి అనే మాట ఎత్తకుండానే ఆయన కాసేపు ఆలోచిస్తారు.

ఇక సంతకం సంగతి. షెడ్డు అద్దె కట్టాలి, లేత్ మిషన్ మీద లోన్ నడుస్తోంది, ఈ ఆర్డర్ వదిలేస్తే పక్క షెడ్డువాడు తీసుకుంటాడు. అలాంటప్పుడు పెట్టిన సంతకం అతనికి షరతు తెలుసని చెబుతుంది, అంతే. ఆ షరతు సబబని చెప్పదు. మీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌కి ఈ వెండర్ కాదంటే ఇంకో పదిమంది ఉన్నారు. వెండర్‌కి మీరు కాదంటే ఎవరున్నారు?

అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో ఒక పరీక్ష చెప్పాడు. నియమం రాసేటప్పుడు, రేపు తాను ఏ స్థానంలో ఉంటాడో రాసేవాడికి తెలియకూడదు. దేశానికి ఉండాల్సిన మూల నియమాల కోసం ఆయన చెప్పిన పరీక్ష అది, వెండర్ పేమెంట్ల కోసం కాదు. అయినా వాడుకుంటే తప్పులేదు. రేపు నువ్వు పర్చేజ్‌లో ఉంటావో షెడ్డులో ఉంటావో తెలియకపోతే ఎన్ని రోజుల గడువు రాస్తావు? నలభై, యాభై రాస్తావేమో. 120 మాత్రం రాయవు.

మన చట్టం దాదాపు అదే రాసింది. 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు తీసుకుంటే, ఎంత గడువు ఒప్పుకున్నా 45 రోజులు మించకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. దీనికి విరుద్ధంగా కాంట్రాక్టులో ఏం రాసుకున్నా చెల్లదు. ఇంత గట్టి చట్టం ఉంటే ఫిర్యాదులు కుప్పలుగా రావాలి కదా అంటావు. ఇలాంటి బాకీల ఫిర్యాదులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లిన వెండర్‌కి మళ్లీ ఆర్డర్ ఎవరిస్తారమ్మా? పాత బాకీ వసూలు చేసుకున్నవాడు కొత్త పని పోగొట్టుకుంటాడు. అందుకే 2023 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను వైపు నుంచి ఒక మెలిక పెట్టారు. గడువులోగా చెల్లించకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది లెక్కలో చూపించుకోవడానికి లేదు, డబ్బు కట్టిన ఏడాదే చూపించుకోవాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. మంచిదే అనుకున్నాం. తర్వాత ఏమైందో తెలుసా, చిన్న సంస్థగా గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వదులుకుంటేనే ఆర్డర్ ఇస్తామనే కొనుగోలుదార్లు తయారయ్యారు. చట్టం ఎంత బిగించినా, అవతలివాడు కాదనలేడు అనే విషయాన్ని వాడుకునేవాడు ఇంకో దారి వెతుక్కుంటాడు. కంపెనీ లోపల కూర్చున్న నీలాంటివాళ్లు నోరు విప్పాలనేది అందుకే.

మీ మేనేజర్ గారు మిల్టన్ ఫ్రీడ్‌మన్ పేరు కూడా ఎత్తారన్నావు. 1970లో న్యూయార్క్ టైమ్స్ ఆదివారం పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన లాభం పెంచడమే వ్యాపారానికున్న సామాజిక బాధ్యత అన్న మాట నిజమే. ఆ వ్యాసాన్ని తిట్టేవాళ్లలో చాలామంది దాన్ని చదివి ఉండరు. అందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. మేనేజర్ దానం చేసేది తన సొంత డబ్బు కాదు, వాటాదార్లదో ఉద్యోగులదో కొన్నవాళ్లదో, దాంతో తాను ధర్మాత్ముడు అనిపించుకోవడం ఏమిటని అడుగుతాడు. సబబైన ప్రశ్నే. కానీ ఆయన లాభం సంపాదించమన్నది ఆట నియమాలకి లోబడి, మోసం దగా లేకుండా. 45 రోజులన్న చట్టం ఉండగా 120 రోజులు తీసుకోవడం నియమాలకి లోబడటం ఎలా అవుతుంది? మీ మేనేజర్ గారు తెచ్చుకున్న సాక్షే ఆయనకి ఎదురు తిరుగుతున్నాడు. ఈ మాట నువ్వు మాత్రం మర్యాదగా చెప్పు, మీ నాన్నలా కాదు.

బళ్లూ ఆస్పత్రుల విషయానికొస్తే, అది 2013 కంపెనీల చట్టం చెయ్యమన్న పని. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఖర్చు పెట్టాలి. పెట్టనీ, వద్దనను. మన వైపు కొన్ని బళ్లలో మంచినీళ్లు, మరుగుదొడ్లు ఆ డబ్బుతోనే వచ్చాయి. అయితే ఆ రెండు శాతం నియమం, లాభాన్ని ఎలా ఖర్చు పెట్టాలో చెబుతుంది, లాభం ఎలా వచ్చిందో అడగదు. వెండర్ల వడ్డీ మిగుల్చుకుని ఆ మిగులులోంచి బడికి బెంచీలు వేయిస్తే, ఆవుని చంపి చెప్పులు దానం చేసినట్టే.

దీనికి పూర్తిగా వేరే ఆలోచన మన జిల్లా నుంచే పుట్టింది. 1997లో సమత కేసు. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా గుహల వైపు, గిరిజన ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వం మైనింగ్ లీజులిచ్చింది. సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గిరిజన ప్రాంతాల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కింద ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతరుడితో సమానమే, ప్రభుత్వమే అయినా అక్కడి భూమిని అలా లీజుకి ఇవ్వడానికి లేదని తీర్పు వచ్చింది. ఆ తీర్పులో చాలామంది గుర్తుపెట్టుకోని ఒక భాగం ఉంది. నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్లకీ బళ్లకీ ఆస్పత్రులకీ రోడ్లకీ శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని, అది వ్యాపారంలో భాగమేనని చెప్పింది. రెండుకీ ఇరవైకీ ఉన్న తేడా అంకెలది మాత్రమే అనుకోకు. మొదటిదాన్ని కంపెనీలు దానంలాగే చెప్పుకుంటాయి. రెండోది వాటా. కొండ ఎవరిదో ఒప్పుకున్న తర్వాత ఇచ్చేది.

ఎం.ఏ.లో కాంట్‌ని చదివేటప్పుడు 1785 నాటి ఒక ఉదాహరణ వచ్చేది. చిన్నపిల్లాడు వచ్చినా, ధర తెలియనివాడు వచ్చినా ఒకే రేటుకి అమ్మే కొట్టువాడు. బేరం పోకూడదనే అలా చేస్తున్నాడా, అదే సరైనదని చేస్తున్నాడా అని కాంట్ అడుగుతాడు. సరుకు అందితే చాలదా, మనసు సంగతి ఎందుకని అప్పట్లో మా మేష్టారితో వాదించేవాణ్ణి. కొట్టుకి వచ్చేవాడి వరకు అది చాలు నిజంగానే, మోసపోతే రేపు పక్క కొట్టుకి వెళ్తాడు కాబట్టి. వెండర్ అలా వెళ్లలేడు. ఇక ఆ కొట్టులో అసలు ఏమీ కొననివాళ్ల సంగతి?

వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకు సంగతి నీకు తెలియనిది కాదు. 2020 మే 7 తెల్లవారుజాము. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉంది గానీ ట్యాంకులో ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం నిల్వ ఉంది. దాన్ని చల్లగా ఉంచాలి, ట్యాంకులోనే పాలిమర్‌గా మారిపోకుండా ఆపే రసాయనం తగినంత ఉండాలి. రెండు చోట్లా లోపం జరిగి, లోపల వేడి పెరిగిపోయి, ఆవిరి నిద్రపోతున్న ఊరి మీదికి వచ్చింది. 12 మంది ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ నివేదికలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది సైరన్. మోగించడానికి ప్లాంటులో 36 చోట్ల ఏర్పాటు ఉంది. మోగలేదు. ఆ ఊరివాళ్లు ఆ ఫ్యాక్టరీకి కస్టమర్లు కారు, వెండర్లు కారు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. వాళ్ల కోసం ఖర్చు పెట్టడానికి బేరం వైపు నుంచి ఒక్క కారణం కూడా దొరకదు. కాంట్ ప్రశ్న అక్కడికొచ్చేసరికి నాకు అర్థమైంది, మేష్టారు ఇప్పుడు లేరు గానీ.

ఢిల్లీలో 1985లో ఓలియం గ్యాస్ లీకయిన కేసులో 1987లో సుప్రీంకోర్టు ఒక సూత్రం పెట్టింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడి వల్ల హాని జరిగితే, జాగ్రత్తగానే ఉన్నాను అనే సాకు చెల్లదు. దైవఘటన, మూడోవాడి తప్పు లాంటి పాత ఇంగ్లీషు చట్టం మినహాయింపులు కూడా లేవు. పైగా కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. శక్తిని బట్టి బాధ్యత అన్నమాట. మీ కాంట్రాక్టు దీనికి తలకిందులుగా ఉంది, శక్తి ఉన్నవాడికి గడువు, లేనివాడికి వడ్డీ.

ఇప్పుడు నువ్వు రాయబోయే నోట్ సంగతి. జాలి చూపించమని రాయకు, జాలి బడ్జెట్‌తో పాటే తగ్గిపోతుంది. సప్లయర్లలో సూక్ష్మ, చిన్న సంస్థలు ఎవరో ఉద్యమ్ నంబర్లతో వేరు చెయ్యి. బిల్లు తేదీకీ పేమెంట్ తేదీకీ మధ్య రోజులు ఒక కాలమ్‌లో పెట్టు. చట్టం ప్రకారం పడే వడ్డీ ఇంకో కాలమ్‌లో, ఆ ఏడాది పన్నులో పోయే మినహాయింపు మరొక కాలమ్‌లో. ఒక్కసారిగా 45కి రావడం కష్టమంటే ముందు పది లక్షల లోపు బిల్లులతో మొదలుపెట్టమని అడుగు. చిన్న సంస్థల బిల్లుల మీద కొంత తగ్గించుకుని గడువుకి ముందే డబ్బు ఇప్పించే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ ఉంది, దాని మీద బిల్లు డిస్కౌంట్ చేసుకోమంటారు. సరే గానీ ఆ డిస్కౌంట్ ఖర్చు ఎవరు భరిస్తారో ముందే తేల్చుకో, లేకపోతే అదీ షెడ్డువాడి నెత్తినే పడుతుంది. పోటీ కంపెనీలన్నీ ఇలాగే చేస్తున్నాయి అంటారు, తప్పకుండా అంటారు. వాళ్లందరికీ ఇదే చట్టం వర్తిస్తుందని చెప్పు.

ఈ నోట్ వల్ల నీ అప్రైజల్ దెబ్బతింటుందేమోనని మీ అమ్మకి టెన్షన్. దెబ్బతినదని నేను హామీ ఇవ్వలేను. పంపేముందు డ్రాఫ్ట్ నాకు పంపు, అంకెలు నేను సరిచూస్తాను. దసరాకి వస్తున్నావో లేదో కూడా చెప్పు, వైజాగ్ రైళ్లలో వెయిటింగ్ లిస్ట్ అప్పుడే మొదలయింది.

మీ నాన్న