పదమూడు ఔన్సులు

హింక్లీ, ఇంగ్లండ్,
మంగళవారం రాత్రి.

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమంగా ఉన్నాము. నీవు హాస్టల్లో వేళకు తింటున్నావని, పరీక్షల పేరు చెప్పి నిద్ర చెడగొట్టుకోవడం లేదని తలుస్తాను.

మొన్న ఆదివారం సాయంత్రం ఫోనులో "చేపలు పట్టే పోటీ ఏమైంది నాన్నా?" అని నీవు అడిగితే, మా వరుసలో మూడోవాణ్ణని, 13 ఔన్సులు పట్టానని చెప్పాను. నీవు వెంటనే లెక్క కట్టి, "అంటే 370 గ్రాములా? ఐదు గంటలు చలిలో కూర్చునా?" అని నవ్విన నవ్వు నీ గదిలో పిల్లలందరికీ వినపడి ఉంటుంది. నాకు కోపం రాలేదు. అయితే ఆ 13 ఔన్సులు ఎలా వచ్చాయో నీకు చెప్పకుండా ఊరుకోవడం కూడా నా వల్ల కావడం లేదు.

పోటీ జరిగింది మన ఆష్‌బీ కాలువ మీదే, స్టోక్ గోల్డింగ్ దగ్గర. నీవు సైకిలు నేర్చుకున్న గట్టు అది. రెండు వందల ఏళ్ల కిందట మోయిరా గనుల బొగ్గు మోయడానికి తవ్విన ఈ కాలువ ఇప్పుడు మిగిలి ఉన్న 22 మైళ్లలో లాకులు లేకుండా, గుట్టలను చుట్టుకుంటూ ఒకే మట్టంలో సాగుతుంది. లాకులున్న కాలువలో అవి తెరిచినప్పుడల్లా నీరు కొంతైనా కదులుతుంది గానీ, ఇక్కడ పడవ వస్తే తప్ప కదలదు. శీతాకాలంలో పడవలు తగ్గిపోతాయి, బురద అడుగుకు దిగుతుంది, నీరు తేటపడి నేల మీది ఆకు సైతం కనబడుతుంది. మన కంటికి అది అందమే గానీ చేపకు చాటులేని బయలు. అవి ఎక్కడో ఒకచోట గుంపుగా చేరి, చలికి ఒళ్లు మొద్దుబారి, తిండి దాదాపు మానేసి పడి ఉంటాయి. అంతకు ముందు నాలుగు రాత్రులు వరుసగా గడ్డకట్టే చలి. గట్టు అంచున గాజుపలక లాంటి మంచు పేరుకుంది.

సాల్మన్, ట్రౌట్ జాతులను పక్కన పెట్టి, మిగిలిన మంచినీటి చేపలన్నింటినీ ఇక్కడివారు ఒక గాటన కట్టి "ముతక చేపలు" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారని నీకు తెలుసు. ఆ పేరులో పాతకాలపు దొరల చిన్నచూపు ఉందేమోనని నాకు మొదటినుంచీ అనుమానం. ఈ పోటీల్లో పట్టిన చేపను చంపరు, తినరు. తూకం కాగానే బతికుండగానే నీళ్లలో వదిలేస్తారు. ఈ సంగతి మీ నాయనమ్మకు చెప్పినప్పుడు "మరి పట్టడం దేనికిరా?" అని అడిగింది. ఆవిడకు చెప్పదగిన జవాబు నాకింకా దొరకలేదు.

ఉదయం ఎనిమిదింటికి సంచిలో చెయ్యి పెట్టి చీటీ తీస్తే 27 వచ్చింది. ఎవరి చోటు ఎక్కడో ఆ చీటీయే చెబుతుంది; ఆ చోటునే పెగ్గు అంటారు. ఈ ఆటలో సగం గెలుపోటములు సంచిలోనే ఉంటాయని పాతకాపులు అంటారు. వరుస చివరి పెగ్గు దొరికినవాడికి ఒక పక్కన ఎవరూ ఉండరు కాబట్టి, మనుషుల అలికిడికి బెదిరిన చేపలు మెల్లగా అటు జరుగుతాయి. నాది వరుస నట్టనడుమ. ఎదుటి గట్టున పొద లేదు, చెట్టు లేదు, కట్టేసిన పడవ లేదు. దున్నిన చేల మీదుగా తూర్పుగాలి సూటిగా ముఖానికి కొడుతోంది. నాకు ఎడమ పక్క పెగ్గులో, ఈ ఊరి మేజోళ్ల మిల్లులో నలభై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన కూర్చున్నారు. ఇక్కడి యాసలో ఎవరినైనా ముద్దుగా "నా బాతూ" అంటారు కదా, ఆయన నన్ను కూడా అలాగే పిలిచి, "ఈ రోజు ఒక్క చేప పడినా గొప్పే" అన్నారు.

ముందుగా లోతు కొలవాలి. గాలానికి చిన్న బరువు గుండు తగిలించి, అడుగడుగునా దించి చూస్తే, మన గట్టు దగ్గర రెండడుగులు, పడవలు నడిచే నడిమి దారిలో నాలుగున్నర అడుగులు తేలింది. చలిలో చేప లోతులోనే ఉంటుందన్న నమ్మకంతో నడిమి దారినే ఎంచుకున్నాను. 13 మీటర్ల కార్బన్ పోల్‌కు మన గాలపు కర్రకు లాగానే చక్రం ఉండదు. దాని కొన లోపల సన్నని రబ్బరు తీగ ఉంటుంది, చేప గుంజినప్పుడు అదే సాగి ఓపిక పడుతుంది. తల వెంట్రుకంత దారం, వడ్లగింజ కంటే చిన్నదైన 22వ నంబరు ముల్లు, దానికి గుచ్చిన ఒక్క ఎర్ర పురుగు. బ్లడ్‌వార్మ్ అనే ఈ పురుగు కుట్టని ఒక రకం దోమకు పిల్లదశ. దాని తమ్ముడి వంటి ఇంకా చిన్న పురుగును జోకర్ అంటారు, దాన్ని తడిమట్టిలో కలిపి మేతగా వేస్తారు.

నా తప్పు జరిగింది అక్కడే. పదింటికి ఈల వేయగానే, చేపలను ఎలాగైనా నా ముందుకు రప్పించాలన్న ఆత్రంతో, పోల్ చివర గిన్నె తగిలించి రెండు నిండు గిన్నెల మేత ఒకేచోట దించేశాను. పెద్దాయన మాత్రం ఉసిరికాయంత ముద్ద ఒక్కటి వేసి చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. వేసవిలో అయితే నా మేత అరగంటలో ఖాళీ అయ్యేది. ఆకలి లేని చేపల ముందు అంత మేత పోస్తే, వేల పురుగుల మధ్య నా ముల్లుకున్న ఒక్క పురుగును అవి ఎందుకు ముడతాయి? తక్కువ వేసినవాడు తరువాత కలుపుకోగలడు. నేను వేసినది అడుగున కుప్పగా పడి ఉంది, తోడి తీసే దారి లేదు. ఇది తెలియక చేసినది కాదు, ఎన్నోసార్లు ఇతరులకు చెప్పిన సంగతే.

గంటా నలభై నిమిషాలు బెండు కదలలేదు. నీటి పైన కనిపించేది అగ్గిపుల్ల తల కంటే సన్నని ఎర్రని మొన. దాన్నే చూస్తూ ఉంటే కొంతసేపటికి అది మునిగినట్టు, మునగనట్టు భ్రమ కలుగుతుంది. తడిసిన వేళ్లకు స్పర్శ పోయి, పురుగును గుచ్చానో నలిపానో తెలియలేదు. పదకొండు నలభైకి ఆ మొన మునగలేదు, అర అంగుళం పైకి లేచింది. ఎరను నోట పట్టి అడుగు నుంచి పైకి లేచిన చేప దారానికి బిగించిన చిన్న గుళ్ల బరువును కూడా ఎత్తితే అలా జరుగుతుంది. తీసి చూస్తే చూపుడు వేలంత గడ్జన్, మూతికి రెండు మీసాలు, ఒంటి మీద నీలి మచ్చలు. అర ఔన్సు ఉంటుందేమో. మన నరసాపురం కాలువలో దొరికితే పిల్లికి వేసేవాళ్లం. ఆ రోజు దాన్ని, తూకం దాకా చేపలను నీళ్లలోనే ఉంచే వలలోకి రెండు చేతులతో దించాను.

అప్పుడు పెద్దాయన, మీ దేశంలో ఎలా పట్టేవాడివని అడిగారు. నరసాపురం కాలువ గట్టున వెదురు కర్ర, వానపాము ఎర, జీలుగు బెండుతో పరిగలు పట్టిన రోజులు చెప్పాను. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు నీరు మిగిలిన గుంటల్లోకి చేపలన్నీ చేరేవని, అప్పుడు గాలంతో పనిలేక చేతులతోనే పట్టేవాళ్లమని చెబితే ఆయన చాలాసేపు నవ్వారు. తరువాత, "ఇక్కడా అంతే, ఈ కాలువలో చేపలన్నీ ఒక గుంటలోనే ఉన్నాయి, అది మనిద్దరి ముందూ లేదు" అన్నారు.

ఒంటిగంటకు ఒక పడవ వచ్చింది. అంచు మంచును పటపట విరుచుకుంటూ, నడుపుతున్నాయన అందరికీ చెయ్యెత్తి క్షమాపణ చెబుతూ పోయాడు. చేప పట్టేవాళ్లు పడవలను తిట్టుకోవడం వాడుకే గానీ, ఆ రోజు నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. దాని వెనుక నీరు టీ రంగుకు తిరిగింది. నా మేత కుప్ప కూడా చెల్లాచెదురై ఉంటుంది. పాతచోటు వదిలి, రెండు మీటర్లు కుడివైపున, ఈసారి చిటికెడు మేత మాత్రమే వేశాను. ఇరవై నిమిషాల్లో ఐదు ఔన్సుల పెర్చ్ పడింది. తరువాత ఒకదాని వెంట ఒకటి మూడు రోచ్‌లు, రెండు గడ్జన్‌లు వచ్చాయి.

రెండున్నరకు ఇంకొకటి తగిలింది, బరువైనది. రబ్బరు నీళ్లలోకి సాగుతూ పోయింది. పోల్‌ను వెనుకకు జరిపి, కొన ముక్కలు రెండూ ఊడదీసి, వాటితోనే చేపను చేతివలదాకా తేవాలి. ఊడదీయబోతే కీలు రాలేదు. తడి గడ్డకట్టి బిగుసుకుపోయింది. అరచేతుల్లో పట్టి ఊదాను, మెలిపెట్టాను. ఈలోగా చేప పైకి తేలి ఒక్క పక్కకు ఒరిగింది; బ్రీమ్ పిల్ల, వెండి పళ్లెంలా, ఎనిమిది ఔన్సులకు తగ్గదు. ఒకసారి తల ఆడించింది, ముల్లు ఊడి నా చెంప పక్కగా ఎగిరింది. కీలును మధ్యమధ్య గుడ్డతో తుడుచుకుని ఉంటే ఇంత జరిగేది కాదు. 1485లో మూడవ రిచర్డ్ ప్రాణాన్నీ రాజ్యాన్నీ కలిపి పోగొట్టుకున్న పొలాలు అక్కడికి కొద్ది దూరమే. ఆ లెక్కన నాది పెద్ద నష్టం కాదని సర్దిచెప్పుకోబోయాను గానీ, మనసు ఒప్పుకోలేదు.

ఇంకో ఐదు నిమిషాలకు ఆట ముగుస్తుందనగా రఫ్ అనే ముళ్లచేప ఒకటి పడింది. బొటనవేలంత ఉంటుంది. దానికోసం చేతివల తీయడం కూడా దండగనిపించినా తీశాను.

తూకం వేసేవాళ్లు త్రాసుతో వరుసగా వచ్చారు. ఇలాంటి రోజున ఔన్సులు చాలవు, ఔన్సులో పదహారో వంతైన డ్రాముల్లో చూస్తారు. మా వరుసలో పదిమందిమి. ముగ్గురి వలలు తడవను కూడా తడవలేదు. చివరి పెగ్గు మనిషి 2 పౌండ్ల 1 ఔన్సుతో మొదటివాడు, ఆ తరువాతిది 1 పౌండు 1 ఔన్సు. నాది సరిగ్గా 13 ఔన్సులు. పెద్దాయనది 12 ఔన్సుల 12 డ్రాములు. తేడా 4 డ్రాములు, అంటే 7 గ్రాములు. చివర పడిన ఆ ముళ్లచేప బరువులో సగమైనా లేదు. ఆ బ్రీమ్ వలలో పడి ఉంటే నేను రెండోవాణ్ణి, ముళ్లచేపను చిన్నచూపు చూసి ఉంటే నాలుగోవాణ్ణి. పెద్దాయన నా వలలోకి తొంగిచూసి, ఆ ముళ్లచేపను గుర్తుపట్టి, దాని వైపు టోపీ ఎత్తి నమస్కారం చేశారు. మూడో స్థానానికి డబ్బేమీ రాదు, జట్టుకు ఎనిమిది పాయింట్లు వస్తాయి.

పోల్ ముక్కలన్నీ ఊడదీసి హాలులో ఆరబెట్టాను. ఫ్రిజ్‌లో కాగితంలో చుట్టి పెట్టిన మిగిలిన పురుగుల గురించి మీ అమ్మకూ నాకూ రెండు రోజులుగా మాటల్లేవు. రెండు వారాల తరువాత ఇంకో పోటీ ఉంది.

సంక్రాంతికి వెళ్లలేకపోయావు గదా, పరీక్షలు కాగానే నాయనమ్మ దగ్గరకు వెళ్లు. పెరటి వసారా దూలంలో దోపి ఉన్న తాతయ్య గాలపు కర్ర, ఎవరూ తీసి పారేయకపోతే, ఇంకా అక్కడే ఉండాలి. కర్ర తేవడం కష్టం. దానికి కట్టి ఉన్న జీలుగు బెండు మాత్రం విప్పి, వేసవిలో వచ్చేటప్పుడు పుస్తకాల మధ్య నలగకుండా పట్టుకురా. పెద్దాయన ఒకసారి చూస్తానన్నారు.

ఇట్లు,
నాన్న