అతిథుల అలర్జీ వివరాలు తీసుకొని వంటశాలకు చేర్చకపోవడంపై ఫిర్యాదు

కేటరింగ్ సంస్థ యాజమాన్యం వారికి,
రాజమహేంద్రవరం.

విషయం: మా నాన్నగారి షష్టిపూర్తి విందులో, ముందుగానే రాతపూర్వకంగా తెలియజేసిన వేరుశనగ అలర్జీని పట్టించుకోకుండా వడ్డించడం గురించి.

అయ్యా,

గత నెలలో మా నాన్నగారి షష్టిపూర్తికి మధ్యాహ్న భోజనాల బాధ్యతను మీ సంస్థకు అప్పగించాము. ఆ రోజు రెండో బంతిలో కూర్చున్న మా చెల్లెలి కూతురు, తొమ్మిదేళ్ల పాప, మీవాళ్లు వడ్డించిన పనీరు కూరతో రెండు ముద్దలు తిన్న కొద్ది నిమిషాల్లోనే ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, వాంతి చేసుకొని, ఆపైన ఊపిరి అందక ఇబ్బంది పడింది. పాపకు వేరుశనగపప్పు ఏ రూపంలోనూ పెట్టకూడదన్న సంగతి మీ సంస్థకు ముందే తెలుసు. మీరు అడిగారు, మేము రాసి ఇచ్చాము, అందినట్టు మీరు జవాబు కూడా పంపారు. అలా రాసి ఇచ్చిన సమాచారం మీ కార్యాలయానికీ మా ఇంటి ముందు వేసిన వంటపొయ్యికీ మధ్య ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మీ సంస్థను ఎంచుకోవడానికి గల కారణాల్లో ఒకటి, అతిథుల ఆహార నియమాలను, అలర్జీలను ముందే తెలుసుకొని వడ్డిస్తామని మీ కరపత్రంలో ఉన్న మాట. అడ్వాన్సు చెల్లించాక వాట్సాప్‌లో మీరు ఒక ఫారం పంపారు. దాన్ని ఆషామాషీగా నింపలేదు. వచ్చే బంధువులందరికీ ఫోన్లు చేసి, ఎవరికి ఏది సరిపడదో అడిగి తెలుసుకున్నాము. ఫారంలో శాకాహారం, మాంసాహారం, జైన్, షుగర్ అన్న గడులు తప్ప అలర్జీకంటూ ప్రత్యేకంగా గడి లేదు. "ఇతరాలు" అన్న చిన్న పెట్టెలో అంతా పట్టలేదు కాబట్టి విడిగా మరో సందేశం పంపాను. పాపకు పల్లీలు, పల్లీల పొడి, పల్లీలు రుబ్బి కలిపిన గ్రేవీ, గానుగ వేరుశనగ నూనె ఏవీ పెట్టకూడదని, జీడిపప్పుతో మాత్రం ఇబ్బంది లేదని అందులో స్పష్టంగా ఉంది. మా బావగారికి సెలియాక్ వ్యాధి (గోధుమ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ సరిపడని జబ్బు) ఉన్నందువల్ల గోధుమ, మైదా తగిలినవేవీ వడ్డించవద్దని, బజారులో దొరికే కూటు ఇంగువలో సాధారణంగా మైదా లేదా గోధుమపిండి కలుస్తుంది కనుక ఇంగువ వేయని పదార్థాలేవో ఆయనకు ముందే చెప్పాలని కూడా కోరాను. "నోట్ చేసుకున్నాము మేడం" అని మీ కార్యాలయం నుంచి జవాబు వచ్చింది.

ఆ రోజు జరిగింది ఇది. గుత్తివంకాయలో పల్లీల ముద్ద ఉంటుందని మాకు తెలుసు కాబట్టి దాన్ని పాప ఆకులో వేయవద్దని మా చెల్లెలు ముందే చెప్పింది. పనీరు కూర రాగానే ఇందులో పల్లీలు ఉన్నాయా అని అడిగింది. మెనూలో ఆ కూరను జీడిపప్పు గ్రేవీ అనే రాశారు. వడ్డించే అబ్బాయి "లేవమ్మా, అంతా జీడిపప్పే" అన్నాడు. అతను అబద్ధమాడాడని నేను అనడం లేదు; అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. తరువాత వంటమేస్త్రిని అడిగితే, జీడిపప్పు సరిపోకపోవడంతో చిక్కదనం కోసం వేయించిన పల్లీలు కూడా కలిపి రుబ్బించామని ఏ దాపరికమూ లేకుండా చెప్పారు. అలర్జీ వివరాల కాగితం చూశారా అంటే, తమకు అందినవి మనుషుల లెక్క, మెనూ, వంట మొదలుపెట్టాల్సిన సమయం మాత్రమేనన్నారు. ఆ రోజు అక్కడ బాధ్యత చూస్తున్న మీ సూపర్వైజరుకు కూడా ఆ ఫారం సంగతి తెలియదు. మా బావగారైతే ఎవరిని అడిగినా ఇంగువ గురించి సరైన జవాబు రాకపోవడంతో తెల్లన్నం, ముద్దపప్పు, నెయ్యితో సరిపెట్టుకొని లేచారు. మామగారి షష్టిపూర్తికి వచ్చిన అల్లుడు అలా లేవవలసి రావడం మాకు ఎంత చిన్నతనమో మీకు వివరించనక్కరలేదు.

పాపకు అలా అవుతున్నప్పుడు మీ సిబ్బందిలో ఒకరు మజ్జిగ తెచ్చారు, మరొకరు అవిల్ (దురద, దద్దుర్లకు వాడే అలర్జీ మాత్ర) వేస్తే తగ్గిపోతుందన్నారు. వారి ఆదుర్దాను తప్పుపట్టను. కానీ ఊపిరి అందని స్థితికి వెళ్లిన అలర్జీకి మొదట ఇవ్వవలసిన మందు అడ్రినలిన్, అదీ తొడ బయటి వైపు కండరంలోకి. అవిల్ దానికి ప్రత్యామ్నాయం కాదు. లండన్‌లో ఉంటున్న మా చెల్లెలి దగ్గర అడ్రినలిన్ పెన్ను (తొడకు అదిమి వేసే సిద్ధంగా ఉన్న ఇంజెక్షన్) ఉండబట్టి వెంటనే వేయగలిగింది. మన మందుల షాపుల్లో ఆ పెన్ను మామూలుగా దొరకదు. ఇక్కడి పిల్లవాడికే ఇలా జరిగి ఉంటే ఆసుపత్రికి చేరేదాకా ఆ మందు అందేది కాదు. మొదటిసారి తగ్గిన లక్షణాలు కొన్ని గంటల తరువాత తిరగబెట్టే అవకాశం ఉంటుంది కనుక డాక్టర్లు పాపను రాత్రంతా పరిశీలనలో ఉంచి మర్నాడు ఇంటికి పంపారు. ఇప్పుడు క్షేమంగా ఉంది.

ఇన్ని వందల మందికి వండేచోట ఒక్కొక్కరి సంగతి గుర్తుపెట్టుకోవడం సాధ్యం కాదని మీ మేనేజరు నాతో ఫోన్‌లో అన్నారు. ఈ మాటను నేను ఒప్పుకోలేను. అదే రోజు మా మేనత్తగారికి, మడి కట్టుకొని భోంచేసే మరి నలుగురు పెద్దవాళ్లకు ఉల్లి, వెల్లుల్లి లేని వంటను మీ మనుషులే వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో వండారు. వాళ్ల బంతికి వేరే మనిషిని పెట్టి ఏ లోటూ లేకుండా వడ్డించారు. ఒక గిన్నె గరిటె మరో గిన్నెలో పెట్టకూడదన్న జాగ్రత్త మన వంటవాళ్లకు తరతరాలుగా తెలిసిందే. అలర్జీ ఉన్న అతిథికి కావలసినది సరిగ్గా ఆ జాగ్రత్తే. ఆచారం విషయంలో అంత నిష్ఠగా చేయగలిగిన పని ప్రాణం విషయంలో చేతకాదనడం ఎలా కుదురుతుంది?

భోజనాలు చేసిన వారందరిలో ఒక్కరికే ఇబ్బంది కలిగిందని, ఈవెంట్ కేటరర్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ) నిబంధనల్లో మినహాయింపు ఉందని కూడా మీ మేనేజరు చెప్పారు. మొదటి మాటకు జవాబు అనవసరం. ఆ ఒక్కరి పేరు, వయసు, సమస్య మీ దగ్గర రాసి ఉన్నాయి. ఇక ఆయన చెప్పిన మినహాయింపు 2020 నాటి లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనలకు సంబంధించినది. మెనూలో కేలరీలు, అలర్జీ కారకాలు ప్రదర్శించాలన్న నియమం ప్రధానంగా ఆ సంస్థ ఇచ్చే సెంట్రల్ లైసెన్సు ఉన్న లేదా 10 లేదా అంతకు మించిన చోట్ల శాఖలు నడిపే సంస్థలకు వర్తిస్తుంది. బోర్డు పెట్టనక్కరలేదన్నంత మాత్రాన, పల్లీలు ఉన్నాయా అని నేరుగా అడిగిన తల్లికి తెలియని జవాబు చెప్పవచ్చని గానీ, జీడిపప్పు అని మెనూలో రాసి పల్లీలు కలపవచ్చని గానీ అందులో ఎక్కడా లేదు. పైగా ఈ బాధ్యతను కరపత్రంలో ప్రకటించుకొని, ఫారం పంపి, మీకై మీరే నెత్తికెత్తుకున్నారు. ఏమీ అడగని కేటరర్ అయి ఉంటే మా చెల్లెలు పాపకు ఇంట్లో వండిన అన్నమే పెట్టేది. మీరు అడిగారు కాబట్టే నమ్మింది.

మీ ఫారం గురించి కూడా చెప్పవలసింది ఉంది. మన దేశంలో ప్యాకెట్ల మీద తప్పనిసరిగా పేర్కొనవలసిన అలర్జీ కారకాల జాబితాలో గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు, పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా, సల్ఫైట్లు (నిల్వ కోసం కలిపే పదార్థాలు) ఉన్నాయి. నువ్వులు, ఆవాలు అందులో లేవు. ఐరోపా సమాఖ్య, బ్రిటన్ పాటించే 14 పేర్ల జాబితాలో ఆ రెండూ ఉన్నాయి. విడిగా వండి వడ్డించే భోజనానికి కూడా అక్కడ ఆ జాబితా వర్తిస్తుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, నువ్వులపొడి చల్లిన వేపుడు, నువ్వులు, పల్లీలు, కొబ్బరి కలిపి నూరిన గుత్తివంకాయ లేకుండా గోదావరి జిల్లాల్లో పెళ్లి భోజనం జరగదు కనుక, మన వంటకు తగిన ఫారంలో ఈ రెండింటి గురించీ అడగాలి. వేయించినా ఉడికించినా వేరుశనగలోని అలర్జీ గుణం పోదు. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు గానీ, గానుగ నూనెలో మిగులుతుంది. ఈ మధ్య గానుగ నూనెతోనే వండుతామని మీరు గొప్పగా ప్రచారం చేస్తున్నారు కాబట్టి ఈ తేడా మీ వంటమేస్త్రులకు తెలిసి ఉండాలి. బఫేలో అయితే గిన్నె ముందు చీటీ పెట్టవచ్చు. బంతి భోజనంలో అతిథి చదువుకోవడానికి ఏమీ ఉండదు, అడగడానికి వడ్డించే మనిషి ఒక్కడే ఉంటాడు. రోజుకూలీకి వచ్చిన ఆ మనిషికి కనీసం "తెలియదండీ, కనుక్కొని చెబుతాను" అనడమైనా నేర్పించాలి. ఆ రోజు ఆ ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

ఈ నేపథ్యంలో మీనుంచి మేము కోరుతున్నది ఇది. మేము పంపిన వివరాలు ఎవరి చేతికి వచ్చాయో, వంటమేస్త్రికి ఎందుకు చేరలేదో, మెనూలో చెప్పని పల్లీలను ఎవరి అనుమతితో కలిపారో వివరిస్తూ రాతపూర్వక సమాధానం ఇవ్వాలి. ఆసుపత్రి ఖర్చు మొత్తాన్ని, వాడేసిన అడ్రినలిన్ పెన్ను ఖరీదును చెల్లించాలి. మీ మేనేజరు ఇవ్వజూపిన తదుపరి బుకింగ్ డిస్కౌంటు మాకు అక్కరలేదు. ఇకమీదట అలర్జీ వివరాల ప్రతి ఒకటి వంటశాలలో గోడకు అంటించి, మరొకటి సూపర్వైజరు జేబులో ఉంచి, విందు మొదలయ్యే ముందు ఆయా అతిథులను ఆయనే స్వయంగా కలిసి ఏమేం తినవచ్చో చెప్పే పద్ధతి పెడతామని, సరుకు చాలక ఏదైనా మార్చవలసి వస్తే బుక్ చేసినవారికి చెప్పకుండా మార్చబోమని హామీ ఇవ్వాలి. వీటిలో ఏదీ మీకు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా ఆహార భద్రతా అధికారికి తెలియజేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాము. ఫారం ప్రతి, మీ జవాబుతో సహా వాట్సాప్ సందేశాలు, మెనూ, చెల్లింపు రసీదులు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, బిల్లులు ఈ లేఖకు జతచేస్తున్నాను. వంటమేస్త్రి మీద గానీ, ఆ రోజు వడ్డించిన అబ్బాయి మీద గానీ చర్య తీసుకొని ఈ విషయాన్ని ముగించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. వాళ్లిద్దరూ అడిగినదానికి తమకు తెలిసినంత చెప్పారు.

ఇట్లు,
భవదీయురాలు,
విందు బుక్ చేసిన కుటుంబం తరఫున