కార్యదర్శి వార్షిక నివేదిక 2024–25: అందరం కలిసి కట్టిన షెర్మన్

గౌరవ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో చేసుకున్న తీర్మానం మీకు గుర్తుండే ఉంటుంది. ఎవరి బల్ల మీద వాళ్లు ఎవరి మోడల్ వాళ్లు చేసుకుని ఆదివారాలు మాత్రం కలుసుకోవడం కాకుండా, ఈ ఏడాది సంఘమంతా కలిసి ఒక్క రేడియో కంట్రోల్ ట్యాంకు కట్టాలని, అది హైదరాబాద్‌తో సంబంధం ఉన్నదై ఉండాలని అనుకున్నాం. ఆ ట్యాంకు పూర్తయింది. సమావేశం రోజున హాల్లో నడిపి చూపిస్తాం. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది. మిగతా పనులు చివర్లో క్లుప్తంగా రాశాను.

ముందు ఎంపిక సంగతి. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు టైగర్ చేద్దామని చాలామంది పట్టుబట్టారు. 1/16 స్కేల్లో, అంటే అసలు కొలతల్లో పదహారో వంతులో, దాని కిట్లు తేలిగ్గా దొరుకుతాయి, చూడ్డానికీ గంభీరంగా ఉంటుంది. కమిటీ మాత్రం 1945లో బర్మాలోని మెయిక్టీలా దగ్గర పోరాడిన రాయల్ డెక్కన్ హార్స్ రెజిమెంట్ వారి అమెరికన్ ట్యాంకు షెర్మన్‌నే ఖాయం చేసింది. ఈ రెజిమెంట్ మూలాలు నిజాం గుర్రపు దళాల్లో, ఆ తర్వాత నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యంలో ఉన్నాయి. ఆ కంటింజెంట్ ముఖ్య స్థావరం మన బొల్లారమే. 1916 జులై 14న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, హై వుడ్ దగ్గర ఈ రౌతులు గుర్రాల మీద బల్లేలతో దూకారు. ముప్పై ఏళ్లు తిరక్కుండానే అదే రెజిమెంట్ 255వ ఇండియన్ ట్యాంక్ బ్రిగేడ్‌లో షెర్మన్ల మీద ఐరావతి నది దాటి, 17వ ఇండియన్ డివిజన్‌తో కలిసి మార్చి మొదటి వారానికల్లా మెయిక్టీలాను పట్టుకుంది. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఎదుర్కొన్నవాటిలోనూ డెక్కన్ హార్స్ షెర్మన్లు ఉన్నాయి. ఇంత చరిత్ర ఇంటి పక్కనే ఉండగా టైగర్ కోసం వెతకాల్సిన పని లేదని నా గట్టి అభిప్రాయం. ఈ ఏడాది పని అయ్యాక, టైగర్ కావాలన్న మిత్రులు కూడా ఆ మాటే అంటున్నారు.

షెర్మన్‌లన్నీ ఒకటే కదా, పెట్టె తెచ్చి రంగు వేస్తే సరిపోదా అని కొత్త సభ్యులు అడిగారు. సరిపోదు. బర్మాలో మన రెజిమెంట్లకు ఎక్కువగా ఇచ్చింది షెర్మన్ ఐదు, అంటే అమెరికన్ల లెక్కలో ఎం4ఏ4. దీని ఇంజన్ విచిత్రమైనది. ఆరు సిలిండర్ల క్రైస్లర్ కారు ఇంజన్లు ఐదింటిని ఒకే చోట కలిపి బిగించి, ముప్పై సిలిండర్ల ఇంజన్‌గా తయారు చేశారు. అది మామూలు హల్‌లో, అంటే ట్యాంకు ఒంటిలో, పట్టలేదు. దాంతో హల్‌ను పదకొండు అంగుళాలు, అంటే సుమారు 28 సెంటీమీటర్లు పొడిగించారు. బోగీల, అంటే కింది చక్రాల జతల, మధ్య ఖాళీ పెరిగింది. ట్రాక్‌లో, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీలో, 79 లింకుల బదులు 83 అయ్యాయి. టరెట్ (గన్ ఉండే, తిరిగే పై భాగం) వెనక ఇంజన్ మూత మీద చిన్న బొడిపె వచ్చింది. మనం తెప్పించిన కిట్ షెర్మన్‌లోనే మామూలు పొడవున్న ఇంకో రకం, ఎం4ఏ3ది. కాబట్టి దాన్ని కోయక తప్పలేదు.

28 సెంటీమీటర్లు మన స్కేల్లో పదిహేడున్నర మిల్లీమీటర్లు అవుతుంది. వినడానికి చిన్నదే గానీ ఈ ఏడాది కష్టమంతా అందులోనే ఉంది. కింది హల్‌ను ఒక్కచోట కోసి అతికిస్తే బోగీల దూరాలు తప్పుతాయి. అందుకని మొదటి బోగీకి రెండోదానికి మధ్య ఒక కోత, రెండోదానికి మూడోదానికి మధ్య ఇంకో కోత పెట్టి, పొడవును రెండు చోట్లా సమానంగా పంచాం. పై హల్‌ను మాత్రం ఇంజన్ మూత దగ్గర ఒక్కచోటే కోశాం. పై అతుకూ కింది అతుకులూ ఒకే గీత మీద పడకపోవడం మన మంచికే వచ్చింది. పై భాగం బిగించాక ఒకదాని బలహీనతను ఇంకొకటి కాస్తోంది. లోపల రెండు పక్కలా అల్యూమినియం యాంగిల్ ముక్కలు స్క్రూలతో బిగించాం. సన్నపు పళ్ల రంపంతో ఆ కోతలు కోసింది మన సీనియర్ సభ్యుల్లో ఒకరు, జీవితమంతా లేత్ మీద పనిచేసిన పెద్దాయన. ప్లాస్టిక్ వేడెక్కి కరగకుండా, నాలుగు లాగులు లాగి ఆగి, మళ్లీ నాలుగు లాగి కోశారు. పిల్లలు చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టి చూశారు. గన్ గొట్టం కూడా ఆయనే ఇత్తడి రాడ్డులోంచి తీసిచ్చారు. అసలు గన్ 75 మిల్లీమీటర్లది కాబట్టి మనదాని నోరు 4.7 మిల్లీమీటర్లు ఉండాలి, అలాగే ఉంది.

ఇక నడక. ఈ విషయంలో కమిటీ ఎక్కడా సర్దుకోలేదు. రంగు ఎంత బాగున్నా బొమ్మకారులా దూసుకెళ్లే ట్యాంకు ట్యాంకులా కనబడదు. ఎం4ఏ4 రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 40 కిలోమీటర్లు. పదహారో వంతు చేస్తే గంటకు రెండున్నర, అంటే సెకనుకు 70 సెంటీమీటర్లు. మనిషి మామూలు నడకలో సగం అన్నమాట. పెట్టెలో వచ్చిన మోటార్లు అంతకంటే చాలా వేగంగా లాగేస్తాయి. ఉక్కు పళ్ల చక్రాలున్న, నెమ్మదిగా తిరిగే గేర్‌బాక్సులు వేయించాం. వాటి విషయంలో ఒక చికాకు ఎదురైంది. ఒక అమ్మకందారు రెండూ ఎడమవైపువే పంపి, మార్చి ఇవ్వడానికి వర్షాకాలమంతా తిప్పాడు. ఇక మీదట విడిభాగాలు రాగానే పార్సిల్ విప్పేటప్పుడే ఇద్దరు సభ్యులు సరిచూసి సంతకం చేయాలని కమిటీ నిర్ణయించింది.

మలుపు సంగతి కూడా చెప్పాలి. అసలు షెర్మన్ ఉన్నచోటే గిర్రున తిరగలేదు. దాని డిఫరెన్షియల్‌లో (రెండు ట్రాక్‌లకు శక్తి పంచే గేర్ల అమరికలో) లోపలి ట్రాక్ నెమ్మదిస్తుందే గానీ ఆగదు, వెనక్కి తిరగదు. విశాలంగా ఒంపు తీసుకునే మలుపు తిరగాలి. కిట్ రిమోట్‌లో మాత్రం ఒక ట్రాక్ ముందుకు, ఇంకొకటి వెనక్కి తిప్పే వీలుంది. ట్రాన్స్‌మిటర్ సెట్టింగుల్లో ఆ వీలును తీసేశాం. గిరగిరా తిప్పుదామని పిల్లలు ఆశపడ్డారు. కానీ అసలు ట్యాంకు నడిపినవాళ్లు ఆ మలుపు కోసం ఎంత ముందుగా ఆలోచించుకునేవారో వివరించాక, ఇప్పుడు వాళ్లే ఇటుకలు పేర్చి బాట వేసి, అందులోంచి తగలకుండా నడిపే పోటీ పెట్టుకుంటున్నారు.

బరువు లెక్క ఇంకా ఆసక్తికరం. అసలుది దాదాపు 31.6 టన్నులు. పొడవు పదహారో వంతైతే బరువు 4096వ వంతు కావాలి. అంటే 7.7 కిలోలు. ప్లాస్టిక్ హల్‌కు ఆ బరువు ఎక్కడిది? లోహపు ట్రాక్‌లు, లోహపు చక్రాలు వేసి, మిగిలినదానికి సీసపు రేకులు అడుగున పరిచాం. గేర్‌బాక్సులు ముందే ఉన్నాయి కాబట్టి సీసాన్ని వెనక్కి జరిపాం. బోగీ స్ప్రింగులు గట్టివి వేశాం. ఇప్పుడు గుంటలో దిగినప్పుడు ఒక్కో బోగీ విడిగా ఒరిగి, చక్రాలు నేలను విడవకుండా వెళ్తుంది. ఆ ఒక్క దృశ్యం చూసి సంఘంలో చేరిన వాళ్లున్నారు.

పైపని దగ్గర మహిళా సభ్యులు, విద్యార్థులు ముందున్నారు. షెర్మన్ టరెట్ పోత పోసింది, హల్ పలకలు వెల్డింగ్ చేసినవి. ఈ తేడా చేతికి తగలాలి. పుట్టీలో ద్రావకం కలిపి దోసెల పిండిలా చేసి, గట్టి కుచ్చు బ్రష్షుతో టరెట్ మీద పొడిచి పొడిచి అద్దారు. ఆరాక పైపైన శాండ్ పేపర్ పట్టారు. వెల్డింగ్ గీతలకు పుట్టీని సన్నటి తీగలా చుట్టి పలకల అంచున పెట్టి, మొండి కత్తి మొనతో చిన్న చిన్న నొక్కులు నొక్కారు. ముందు పలక మీద అదనపు ట్రాక్ లింకులు తగిలించారు. యుద్ధంలో అవి రక్షణకూ పనికొచ్చేవి. ఒలివ్ డ్రాబ్ అనే సైనిక ముదురాకుపచ్చ రంగు మీద తెల్ల నక్షత్రం వేశారు. ఆ పైన మధ్య బర్మా ఎండు మైదానాల దుమ్ము. అక్కడ మార్చి నెల అంటే నేలంతా పొడి. కాబట్టి బురద చిందులు వద్దని, లేత మట్టిరంగు పొడిని చక్రాల పైనా, కొక్కేల మూలల్లోనూ మాత్రమే నిలిపారు. చాలామంది ఇక్కడే అతి చేస్తారు. మన వాళ్లు ఎక్కడ ఆపాలో అక్కడ ఆపారు, అందుకు వారికి ప్రత్యేకంగా అభినందనలు.

అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) కవలరీ ట్యాంక్ మ్యూజియం యాత్ర ఈ పనికి చాలా తోడ్పడింది. 1994లో మొదలైన ఆ మ్యూజియంలో నిజమైన షెర్మన్ పక్కన నిలబడితే, మనిషి భుజం దానికి ఎక్కడిదాకా వస్తుందో తెలుస్తుంది. ఫొటోలు చూసి సరిపెట్టుకున్న కొలతలు కొన్ని ఆ తర్వాతే దిద్దుకున్నాం.

మిగతా కార్యక్రమాలు: పాఠశాల విద్యార్థులకు సోల్డరింగ్ తరగతులు జరిగాయి. పనిముట్ల అరువు పద్ధతి సజావుగా నడిచింది, తీసుకున్నవాళ్లు వేళకు తిరిగి ఇస్తున్నారు. లిథియం పాలిమర్ బ్యాటరీల మీద కొత్త నియమం ఒకటి తెచ్చాం. ఛార్జింగ్ ఇకపై మంట అంటుకోని సంచిలో, మనిషి దగ్గర ఉండగానే చేయాలి. ఉబ్బిన బ్యాటరీని హాల్లోకి తేనివ్వం. ఇందులో మినహాయింపు లేదు, దయచేసి సహకరించండి. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా చదువుతారు.

వచ్చే ఏడాదికి కమిటీ ప్రతిపాదన బీఎంపీ-2 శరత్. ఇది సరిగ్గా ట్యాంకు కాదు, సైనికులను మోసుకుంటూ పోరాడే ట్రాక్ వాహనం. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారవుతుంది. అక్కడ పనిచేసి రిటైరైన వాళ్లు మన సభ్యుల బంధువుల్లో ఉంటే సమావేశానికి తప్పక తీసుకురండి. కొలతలు ఎలాగూ పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ వాహనం ఎలా కదులుతుందో, బ్రేకు వేస్తే ముక్కు ఎంత వంగుతుందో వాళ్ల నోట వినాలి. దీని హల్ నీళ్లలో తేలేది కాబట్టి మన మోడల్‌నూ తేలేలా చేయాలా వద్దా అన్నది సభ్యులే తేల్చాలి. ఆ అంశం మీద ఓటింగు పెడుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి