ట్యూబు అమ్మనని చెప్పిన మందుల షాపు అబ్బాయికి నా నమస్కారం

నిన్న రాజమండ్రిలో చర్మం డాక్టరు గారు నా ముఖాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక మూడు నెలల తరువాత కనిపిస్తే చాలు" అన్నారు. బస్సెక్కిన దగ్గర నుంచి ఇల్లు చేరేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. ఒళ్ళు హూనమై ఉంది, అయినా రాత్రి నిద్ర పట్టలేదు. రాసేదాంట్లో వరుస తప్పితే మన్నించండి. ఈ మాటలు ఇవాళే చెప్పుకోవాలి, రేపటి నుంచి మళ్ళీ పనిలో పడిపోతాను.

మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. పూతరేకులు చేసి అమ్మడమే మా జీవనం. బోర్లించిన కుండ లోపల ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద పరిచి తీస్తే క్షణంలో రేకు లేస్తుంది. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. తీసేవాళ్ళు ఆ సెగకు ముఖం అప్పగించి గంటల తరబడి కూర్చోవాలి. బుగ్గలు భగభగమంటే సెగ వల్లే అనుకున్నాను, ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. పని లేని రోజున కూడా మంట తగ్గలేదు. ముక్కు మీద, గడ్డం మీద చీము పొక్కులు లేచాయి. "వేడి చేసింది" అన్నారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, గంధం, వేపాకు ముద్ద, అన్నీ అయ్యాయి. శనగపిండి, పసుపు కలిపి గట్టిగా నలుగు పెట్టుకోమన్నారు. పెట్టుకున్న ప్రతిసారీ ముఖం ఇంకా రేగేది. ఒకరు మొటిమలన్నారు, ఒకరు మంగు అన్నారు. నలభై దాటిన మనిషికి కొత్తగా ఈ మొటిమలేమిటని ఎవరూ అనుకోలేదు.

ఈ జబ్బు పేరు రోజేషియా. నాది చామనఛాయ. తెల్లని చర్మం మీద ఎరుపు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మా వంటి ఒంటి మీద అది కమిలినట్టు, కాస్త నల్లబడినట్టు ఉంటుంది. అందుకే మనలో దీన్ని పోల్చుకోవడం ఆలస్యమవుతుందట. మొటిమలకు ఉండే నల్లని ములుకులు దీనిలో ఉండవు. ఎవరికీ అంటదు. ఈ ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాయాలని ఉంది. నా ముఖం చూసి, "తినే వస్తువు, చేతితో చేసేది కదా" అని పెళ్ళి ఆర్డరు వెనక్కి తీసుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ రోజు నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

అప్పటికి చాలాకాలంగా నేను ఒక ట్యూబు రాస్తున్నాను. ఒక మందుల షాపులో ముఖం చూసి చేతిలో పెట్టినదే. చీటీ అడగలేదు, ఎన్నాళ్ళు రాయాలో చెప్పలేదు. మొదట్లో రెండు మూడు రోజులకే ముఖం నున్నబడింది. దేవుడిచ్చిన మందనుకున్నాను. ఆపితే రెట్టింపుగా రేగేది, మళ్ళీ రాస్తే అణిగేది. చివరికి రాసినా అణగడం మానేసింది. ఒకరోజు రావులపాలెంలో పని ఉండి వెళ్ళాను. మంచి ఎండ. అరటి గెలల లారీలు దారి కట్టేసి ఉంటే సందులో నుంచి తిరిగి వస్తూ, కనిపించిన మందుల షాపులోకి వెళ్ళి ఖాళీ ట్యూబు కౌంటరు మీద పెట్టి "ఇది ఇవ్వండి" అన్నాను.

కౌంటరులో పాతికేళ్ళ అబ్బాయి. ట్యూబు తీసుకుని దాని మీది చిన్న అక్షరాలు చదివాడు. అల్మరా వైపు తిరగలేదు. నా వైపు చూసి, "ఎన్నాళ్ళుగా రాస్తున్నారు అక్కా?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి అడిగాడు: "బాగా మండుతోందా?"

అప్పటిదాకా నన్ను చూసిన ప్రతి మనిషీ "ఏమైంది ముఖానికి?" అనే అడిగారు. మండుతోందా అని ఎవరూ అడగలేదు. నోట మాట రాలేదు. ఆ కౌంటరు పట్టుకుని, ముక్కూ ముఖం తెలియని అబ్బాయి ముందు, వెనక నలుగురు నిలబడి ఉండగా ఏడ్చేశాను.

ఆ అబ్బాయి లోపలి నుంచి స్టూలు తెచ్చి ఫ్యాను కింద వేశాడు. తన సీసాలోని నీళ్ళు ఇచ్చాడు. వెనక ఒకాయన విసుక్కుంటే "ఒక్క నిమిషం ఆగండి, వీరిది చూసి మీకు ఇస్తాను" అన్నాడు. తరువాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆ ట్యూబులో ఉన్నది క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్. ముఖం మీద రాయదగిన మందు కాదు. రాసేకొద్దీ చర్మం పలచబడుతుంది, లోపలి సన్నని రక్తనాళాలు ఉబ్బి బయటికి కనిపిస్తాయి, ఉన్న జబ్బు ముదురుతుంది. "ఇది మీకు నేను అమ్మను అక్కా. రోగం పేరు చెప్పడం నా పని కాదు. చర్మం డాక్టరుకు చూపించండి, ఈ ఖాళీ ట్యూబు కూడా పట్టుకెళ్ళండి. ఆపిన తరువాత ముందు ఇంకా ఎక్కువ రేగుతుంది. భయపడి మళ్ళీ దీని జోలికి వెళ్ళకండి" అన్నాడు. మందు పేరు, ఎంతకాలం వాడానో కాగితం మీద రాసి, వెనక తన ఫోను నంబరు వేసి ఇచ్చాడు. నేను ఆ షాపులో ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. అమ్మితే జీతం నిలిచే ఉద్యోగంలో ఉండి, అమ్మనని చెప్పాడు.

అన్నట్టే జరిగింది. డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి ట్యూబు ఆపాక ముఖం ఉబ్బిపోయింది. దిండు తగిలితే నిప్పు తగిలినట్టు ఉండేది. ఒక అర్ధరాత్రి ఇక తట్టుకోలేక, పాత ట్యూబు ఎక్కడైనా ఒకటి మిగిలిందేమోనని బీరువా అంతా వెతికి, దొరకక, ఆ నంబరుకు ఫోను చేశాను. ఎత్తుతాడనుకోలేదు. ఎత్తాడు. ఊపిరి ఆడుతోందా, జ్వరం ఉందా, కళ్ళు మూసుకుపోయాయా అని ఒక్కొక్కటీ అడిగాడు. మంచుగడ్డ పెట్టవద్దని, మెత్తని గుడ్డ చల్లని నీళ్ళలో తడిపి వేసుకోమని, తెల్లవారగానే డాక్టరుకు చెప్పమని అన్నాడు. పెట్టేసే ముందు, "ఇంట్లో ఎవరైనా మేలుకుని ఉన్నారా అక్కా, మీ పక్కన?" అని అడిగాడు. ఉన్నారని చెప్పాను. నిజానికి నేను ఎవరినీ లేపలేదు. పొద్దున్నే తనే క్లినిక్కుకు ఫోను చేసి నన్ను ఆ రోజే చూసేలా మాట్లాడాడని తరువాత తెలిసింది. సొంత తమ్ముడికి కూడా ఇంత చెప్పుకోలేదు నేను.

డాక్టరు గారు చాలా ఓపిక మనిషి. గాజు పలకతో బుగ్గ మీద నొక్కి ఎరుపు పోయి మళ్ళీ రావడం చూశారు, కింది కనురెప్పలు లాగి చూశారు. లూపస్ అనే మరో జబ్బు కూడా బుగ్గల మీద ఇలాగే కనిపిస్తుందని, అది కాదని తేల్చుకోవడానికి రక్తపరీక్ష చేయించారు. రోజేషియా పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెట్టుకునేదని మొదటి రోజే చెప్పారు. ఆ ముక్క దాచకుండా చెప్పినందుకు ఆవిడకు కృతజ్ఞతలు. మెట్రొనిడజోల్ జెల్ పూతకు, డాక్సీసైక్లిన్ నోటికి ఇచ్చారు. ఆ మాత్ర నిండుగా నీళ్ళు తాగి వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, పాలతో కలపకూడదు. అది వాడుతున్నంతకాలం ఎండ ఇంకా త్వరగా కాలుస్తుంది.

ఆ మాత్రలు తీసుకోవడానికి మళ్ళీ అదే షాపుకు వెళ్ళాను. అప్పుడు ఆ అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందట. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. 1948లో అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ నుంచి వచ్చింది. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్ అనే ఆయన, అక్కడి పరిశోధన అంతా నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. "గోదావరి మనిషి చేతిమీదుగా వచ్చిన మందు అక్కా, తప్పకుండా పనిచేస్తుంది" అని నవ్వాడు. ఎన్నో నెలల తరువాత నేను నవ్వింది అక్కడే, ఆ కౌంటరు ముందు.

ఇప్పుడు నా రోజులు ఎలా నడుస్తున్నాయో కూడా చెబుతాను, నాలాంటివాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని. ఏది తగిలితే ముఖం రేగుతుందో పుస్తకంలో రాసుకోమన్నారు డాక్టరు గారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటట. నాకు మొదటిది నిప్పు సెగ, రెండోది ఎండ, మూడోది దిగులు. టీ మానక్కర్లేదు, పొగలు కక్కుతుండగా తాగకూడదు. ఆవకాయ, గోంగూర పచ్చడి ఎర్రటి కారంతో తిన్న పూట గంటలోపే చెంపలు వేడెక్కుతాయి, కనుక పనసపొట్టు కూర ఆవపెట్టి మా ఇంట్లో నాకు మిరపకాయ తగ్గించి వేరుగా తీస్తున్నారు. ముఖానికి సబ్బు మానేశాను. వాసన లేని మెత్తని క్రీము, దాని మీద జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్. బయటికి వెళితే గొడుగు. నడక మాత్రం మానలేదు, ఎండ దిగాక లొల్ల లాకుల వైపు కాలువ గట్టు మీద వెళ్ళి వస్తాను.

పని దగ్గరే పెద్ద చిక్కు వచ్చింది. కుండ ముందు కూర్చోకపోతే పూట గడవదు. ఇప్పుడు రేకులు తెల్లవారుజామున చల్లవేళలోనే తీస్తున్నాను, అదీ కాసేపే. తరువాత కుండ దగ్గర మా తోడికోడలు కూర్చుంటుంది. నేను పక్కగదిలో నెయ్యి రాసి బెల్లంపొడి చల్లి చుట్టే పని చూసుకుంటాను. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరం సంతోషించాం. ఆ గుర్తింపు వెనక ఎంతమంది ఆడవాళ్ళ ముఖాలు ఆ సెగలో మగ్గుతున్నాయో ఒకసారి చర్మం డాక్టరును తీసుకొచ్చి చూపిస్తే బాగుండును.

మా ఆయన, పిల్లలు, అత్తగారు, మా తోడికోడలు ఎప్పుడూ వెంటే ఉన్నారు. వాళ్ళకు వేరే చెప్పేదేముంది.

ఒక్క బాధ మాత్రం కడుపులో పెట్టుకోలేను. స్టెరాయిడ్ పూత మందులు 14 రకాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మరి నాకు ఎవరు ఎందుకు అమ్మారు? తెల్లబడతావని ఆశ పెట్టి మా పల్లెల్లో ఆడపిల్లలకు ఇప్పటికీ అమ్ముతున్నారు. చట్టం కాగితం మీద ఉంది, ట్యూబు బల్ల మీద ఉంది. పెద్దాసుపత్రిలో చర్మం ఓపీకి వెళితే, పొద్దున వరుసలో నిలబడితే మధ్యాహ్నానికి లోపలికి పిలిచి, తల ఎత్తకుండానే "సబ్బు మార్చమ్మా" అని పంపించారు. ఆ డాక్టరును తిట్టాలని లేదు, గది బయట ఉన్న జనాన్ని నేనూ చూశాను. అంతమందికి ఒక్కరే ఉంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? బీమా పథకాలేమో మంచం ఎక్కితేనే పలుకుతాయి. ఈ జబ్బుకు మంచం అక్కర్లేదు, నెలనెలా మందు కావాలి. సన్‌స్క్రీన్ మాకు అలంకారం కాదు, మందే. దాని ధర మా ఇంటి పాల లెక్కతో సమానంగా ఉంది. ఎవరికి చెప్పుకోవాలి?

ఆ అబ్బాయి పేరు రాయడం లేదు. తనే వద్దన్నాడు. అమ్మకం వదులుకున్నాడని యజమానికి తెలిస్తే ఏమవుతుందోనని నాకూ భయమే. బాబూ, నువ్వు ఇది చదువుతావు, నాకు తెలుసు. మీ అమ్మగారు నిన్ను ఎలా పెంచారో ఒకసారి వచ్చి ఆవిడను చూడాలని ఉంది.

అయ్యో, కొందరిని మరిచిపోయాను. కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉంటుందంటే పొగ వల్ల అని కొట్టిపారేయకుండా, ఇదే జబ్బు కళ్ళకు కూడా వస్తుందని చెప్పి, గోరువెచ్చని గుడ్డతో రెప్పలు కాపడం పెట్టుకోవడం నేర్పిన కంటి ఆసుపత్రి అమ్మాయికి. పెద్దాసుపత్రి వరుసలో తన చోటు నాకిచ్చి వెనక్కి వెళ్ళిన ముసలమ్మకు. ఎండ పడని వైపు సీటు ఖాళీ చేయించి నన్ను కూర్చోబెట్టిన ఆర్‌టీసీ కండక్టరు గారికి. కడియం నర్సరీ పనికి వెళుతూ తన వెడల్పు అంచు టోపీ తీసి నా నెత్తిన పెట్టిన ఆవిడకు, అమ్మా, టోపీ ఇంకా నా దగ్గరే ఉంది, మీ ఊరు చెప్పకుండా దిగిపోయారు.

ఇంకా, నా ముఖం ఆ స్థితిలో ఉన్నప్పుడు ఇంటికి వచ్చి చూసి కూడా ఆర్డరు వదులుకోకుండా, "తగ్గాకే చెయ్యండి, మాకు తొందర లేదు" అన్న మండపేట వారికి. మీ రేకులు నిన్నటి నుంచి తీయడం మొదలైంది. శుక్రవారం పంపుతున్నాను.