గిట్ కోడ్ చదువుకునే మన సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: గిట్ అంటే ప్రోగ్రామ్ కోడ్‌లో ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. పోయిన సర్వసభ్య సమావేశంలో మనం ఒక మాట అనుకున్నాం. ఏడాది తిరిగేలోగా గిట్‌లో కొత్త ఫీచర్ ఒక్కటైనా మన చేతుల మీదుగా రావాలని. రాలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది తేలిగ్గా రాయగలను.

మరి ఏం చేశామంటే, గిట్ లోపల జరుగుతున్న చిన్న చిన్న దిద్దుబాట్లను వారం వారం కూర్చుని చదివాం. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 2.45 నుంచి 2025 మార్చిలో వచ్చిన 2.49 దాకా అయిదు విడుదలలు మన ఆర్థిక సంవత్సరంలోనే పడ్డాయి. వాటి విడుదల గమనికల్లో వాడేవాళ్లకు కనిపించే మార్పులు ముందు ఉంటాయి, లోపలి శుభ్రత గురించి తర్వాత ఉంటుంది. జనం మొదటి భాగం చదివి ఆపేస్తారు. మనం రెండో భాగం దగ్గర మకాం వేశాం.

అక్కడ మన సమయం ఎక్కువగా తిన్నది మెమరీ లీకులు. ప్రోగ్రామ్ అడిగి తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వకపోతే అది లీకు. గిట్‌లో వీటిని చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, దానికి కారణమూ ఉంది. గిట్ కమాండ్ ఒక్క క్షణం నడిచి ఆగిపోతుంది. ఆగిపోగానే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం మెమరీని వెనక్కి లాక్కుంటుంది. లాడ్జి గది ఖాళీ చేసేవాడు దుప్పటి మడతపెట్టకపోతే ఏమవుతుంది, గదులు సర్దే కుర్రాడు ఉన్నాడుగా అన్న లెక్క. కానీ అదే కోడ్‌ను లైబ్రరీలా మలిచి, గంటల తరబడి నడిచే మరో ప్రోగ్రామ్‌లో వాడాలంటే ఆ ధీమా పనికిరాదు. పైగా వందల లీకుల రొదలో నిజంగా ప్రమాదమైనది ఏదో కనిపించకుండా పోతుంది.

2021లో ఒక పద్ధతి మొదలైంది. టెస్ట్ ఫైళ్లలో ఏవి లీకు లేకుండా నడుస్తున్నాయో వాటి పైన ఒక గుర్తు లైను పెట్టారు. గుర్తు ఉన్న ఫైల్లో మళ్లీ లీకు వస్తే ఆటోమేటిక్ పరీక్షలో బయటపడుతుంది. గుర్తు లేనివాటిని అప్పటికి వదిలేశారు. అంటే ముందు గీత గీశారు: ఇటు శుభ్రం, అటు ఇంకా కాలేదు. తర్వాత ఒక్కో లీకూ పూడుస్తూ ఆ గీతను జరుపుకుంటూ పోయారు. 2024 చివరికి టెస్టులన్నీ గీతకు ఇటువైపు వచ్చేశాయి. అప్పుడు ఆ గుర్తులతో పని లేదు కాబట్టి వాటినే తీసేశారు. ఆ ఫలితం 2025 జనవరిలో వచ్చిన 2.48లో ఉంది. మూడేళ్లు పెట్టుకున్న గుర్తులను తీసేసిన ఆ కమిట్ (గిట్‌లో నమోదైన ఒక మార్పు) చూసిన రోజు మన సమావేశంలో చప్పట్లు కొట్టాం. బయటివాళ్లు చూస్తే పిచ్చనుకునేవాళ్లే.

ఇదే ఎత్తుగడను ఇంకో చోట తలకిందులుగా వాడారు. లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ మొదలుపెట్టినప్పుడు ఒక ప్రోగ్రామ్, ఒక రిపోజిటరీ (ఒక ప్రాజెక్టు ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే చోటు) అన్నదే లెక్క. కాబట్టి కోడ్ అంతటా గ్లోబల్ వేరియబుల్స్, అంటే ప్రోగ్రామ్‌లో ఎక్కడినుంచైనా వాడగల ఉమ్మడి విలువలు, వచ్చేశాయి. సబ్‌మాడ్యూళ్ల (ఒక రిపోజిటరీలో ఇమిడిన ఇంకో రిపోజిటరీ) పనిలో ఒకే ప్రోగ్రామ్ రెండు రిపోజిటరీలు తెరవాల్సి వచ్చేసరికి చిక్కు మొదలైంది. 2017లో రిపోజిటరీ వివరాలన్నిటికీ ఒక స్ట్రక్ట్ (సంబంధిత విలువలన్నీ ఒకచోట కట్టిన మూట) వచ్చింది. అయితే 'ద రిపోజిటరీ' అనే గ్లోబల్ మాత్రం మిగిలిపోయింది. 2024లో, 2.46కి, ఒక షరతు పెట్టారు. ఆ గ్లోబల్ కావాలనుకునే ఫైలు తన తల మీద ఒక మాక్రో (కంపైలర్‌కు ఇచ్చే ఒక లైను సూచన) రాసుకోవాలి. లేకపోతే కంపైల్ కాదు, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మారదు. లీకుల విషయంలో మంచి ఫైళ్లకు బొట్టు పెట్టారు, ఇక్కడ బాకీ ఉన్న ఫైళ్ల పేర్లు కిరాణా కొట్టు గోడ మీద రాసినట్టు రాశారు. బాకీ తీర్చిన ఫైలు పేరు చెరిపేస్తారు. ఎంత పని మిగిలిందో తెలియాలంటే ఆ మాక్రో ఎన్ని ఫైళ్లలో ఉందో వెతికితే చాలు.

2024 డిసెంబరులో, సంఖ్యల్లో ప్లస్, మైనస్ గుర్తు ఉన్నవాటినీ లేనివాటినీ పోల్చినప్పుడు కంపైలర్ ఇచ్చే హెచ్చరికలకూ ఇదే దారి పట్టారు. అది అంత లాభసాటి పని అని నాకైతే అనిపించలేదు. హెచ్చరికల్లో చాలావరకు ఉత్తుత్తివే. దీని మీద సమావేశంలో వాదన గట్టిగానే జరిగింది, తేలలేదు.

ఇక మన సొంత ప్రయత్నం. చదువుకుంటున్న మన సభ్యురాలు ఒకమ్మాయి టెస్టుల్లో ఒక పాత లోపం ఎంచుకుంది. గిట్ కమాండ్ ఫలితాన్ని పైపు గుండా నేరుగా, మాటలు వెతికే కమాండ్ అయిన గ్రెప్‌కి పంపితే, కమాండ్లు నడిపే షెల్ చివరి కమాండ్ గెలిచిందా ఓడిందా అన్నదే చూస్తుంది. గిట్ మధ్యలో కుప్పకూలినా గ్రెప్‌కి కావలసిన మాట దొరికితే టెస్ట్ పాసైపోతుంది. ఫలితాన్ని ముందు ఒక ఫైల్లో రాసి, ఆ ఫైల్లో వెతికితే సరి. మార్చాల్సినవి నాలుగు లైన్లు.

ఆ నాలుగు లైన్లకు మూడు వెర్షన్లు పట్టాయి. మొదటిసారి ఆమె మెయిల్ ప్రోగ్రామ్ ట్యాబులన్నిటినీ స్పేసులు చేసేసింది, ప్యాచ్ (మార్పులను రాసి మెయిల్లో పంపే ముక్క) అతుక్కోలేదు. రెండోసారి పనిలో పనిగా పక్క లైన్లలో స్టైల్ కూడా దిద్దింది. గిట్ నియమాల ప్రకారం రీడైరెక్షన్ గుర్తుకు (ఫలితాన్ని ఫైల్లోకి పంపే '>') ముందు ఖాళీ ఉండాలి, తర్వాత ఉండకూడదు. దిద్దినది సరైనదే, కానీ రెండు పనులూ ఒకే ప్యాచ్‌లో కలిపేసింది. ప్యాచ్‌లు పరిశీలించేవాళ్లు విడదీయమన్నారు: ముందు స్టైల్, ఆ తర్వాత అసలు దిద్దుబాటు. మూడోసారి మార్పుకు జతచేసే సందేశం తిరగరాయాల్సి వచ్చింది. ఏం మార్చిందో రాసింది కానీ ఎందుకు మార్చిందో రాయలేదు. గిట్‌లో కమిట్ సందేశం కోడ్‌ను ఆజ్ఞాపిస్తున్నట్టు ఉండాలి: 'దిద్దాను' కాదు, 'దిద్దు'. ఇది మన తెలుగువాళ్లకు తేలిగ్గా పట్టుబడుతుందని ఆమె అంటుంది, ఇంట్లో అమ్మ పని చెప్పే తీరే అది అని.

ఈ నివేదిక రాసేనాటికి ఆ ప్యాచ్ గిట్ కోడ్‌లో 'సీన్' అనే బ్రాంచ్‌లో ఉంది. సంబరపడకండి. అందులో ఉండడమంటే 2005 జులై నుంచి ఏ మార్పు చేరాలో తేల్చే మెయింటెయినర్‌గా ఉన్న జూనియో హమానో కంట పడిందనే అర్థం, ఒప్పుకున్నారని కాదు. అక్కడి నుంచి 'నెక్స్ట్'కి, దాన్నుంచి విడుదలలు తయారయ్యే 'మాస్టర్'కి వెళ్లాలి.

నా తప్పూ ఒకటి రాయాలి. ఆ అమ్మాయి స్టైల్ ప్యాచ్ చూసి ఉత్సాహం వచ్చి, నేను ఒక డైరెక్టరీ మొత్తం స్టైల్ సరిచేసి పంపబోయాను. మన పెద్ద సభ్యుడొకాయన ఆపారు. గిట్ నియమాల్లోనే ఉందట: అసలు పనికి ముందు ఆ చుట్టుపక్కల శుభ్రం చేసుకోవడం మంచిదే, కానీ ఒకసారి కోడ్‌లో చేరిపోయినదాన్ని స్టైల్ కోసమే కెలకడం అనవసరమని. ఇంకొకరు అదే చోట పని చేస్తుంటే వాళ్ల ప్యాచ్ దెబ్బతింటుంది. ఏ లైను చివరిసారి ఎవరు మార్చారో చూపే 'బ్లేమ్' కమాండ్ వేస్తే ప్రతి లైను పక్కనా కారణం చెప్పలేని నా పేరే కనిపిస్తుంది. రెండు ఆదివారాలు పోయాయి, పరువు మిగిలింది.

జాగ్రత్త కూడా ఎక్కువైతే ఎదురు తిరుగుతుందని 2024 మే నెలలో చూశాం. క్లోన్ చేసేటప్పుడు (ఇంకొకరి రిపోజిటరీ నకలు తెచ్చుకునేటప్పుడు) హుక్ (గిట్ తనంతట తాను నడిపే చిన్న ప్రోగ్రామ్) నడిపించగల ఒక పెద్ద లోపాన్ని 2.45.1లో పూడ్చారు. దానితోపాటు పెట్టిన అదనపు కట్టుదిట్టాల వల్ల, పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్ల పని ఆగిపోయింది. కొద్ది వారాల్లోనే 2.45.2లో వాటిని వెనక్కి తీసుకున్నారు.

కొత్తగా చేరిన సభ్యులకు ఒక విషయం. మన నోట్సు రిపోజిటరీలో ఫైళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి. స్టేటస్ చూస్తే పేరు బదులు 340, 260 అంటూ అంకెలు కనిపించి, ఫైళ్లు పాడయ్యాయని ఒకరు టెన్షన్ పడ్డారు. ఏమీ కాలేదు. తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తైనా ఒక్కోటి యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) మూడు బైట్లు. గిట్ మామూలుగా ఆ బైట్లను ఆక్టల్ (ఎనిమిది ఆధారమైన) అంకెల్లో చూపిస్తుంది. 'క' అంటే 340, 260, 225. కాన్ఫిగ్‌లో 'కోర్ కోట్‌పాత్' (core.quotePath) సెట్టింగును ఫాల్స్ చేస్తే పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి. చేరిన రోజునే ఇది చేసుకోండి.

జమాఖర్చులు: చందా లేదు, ఖర్చు టీ మాత్రమే. టీ డబ్బులు ఎవరి వంతు వాళ్లు ఇచ్చుకున్నారు, ఇద్దరు ఇంకా ఇవ్వాలి. వాళ్ల పేర్లకూ ఒక మాక్రో పెడదామన్న ప్రతిపాదన వచ్చే సమావేశం అజెండాలో ఉంది.

ఇట్లు,
కార్యదర్శి